వేషానికి తగిన ముఖం

చిత్రకథల్లోని అతీతవీరుల వేషాలు సినిమాల్లో ఎవరికి ఇవ్వాలి అన్న విషయం మీద మన పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. పత్తి ధర, మిర్చి ధర, కౌలు రైతు అప్పు, రాయటానికి ఇన్ని వుండగా ఆకాశంలో ఎగిరే మనిషి గొడవ మనకెందుకని వారి ఆక్షేపణ. వారికి ఒక్క మనిషిని గుర్తు చేస్తాను. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ‘చందమామ’లో పనిచేశాడు. ఆయన దయ్యాలను నమ్మని హేతువాది, మార్క్సిస్టు. అయినా దయ్యాల కథలనూ, రాకుమారుల కథలనూ ఇరవై యెనిమిదేళ్ళపాటు ఓపికగా దిద్దాడు. పిల్లలు ఎలాంటి కథ చదువుతున్నారు, అందులో ఎవరు గెలుస్తున్నారు అన్నది పట్టించుకోదగిన సంగతి కాదనుకుంటే ఆయన ఆ పనిలో అన్నాళ్ళు వుండేవాడు కాదు. కనుక ఈ విషయం మన గడప తొక్కరానిదేమీ కాదు.

ఈ మిరపచేల మధ్యనున్న ఒక పట్టణంలో నేను డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. కాలేజీ పేరు అనవసరం. మధ్యాహ్నం అన్నాల వేళ వరండాలో నడిచే వాదోపవాదాల్లో సగం సినిమాల మీదనే. ఫలానా వేషం ఫలానావాడికి సరిపోయిందా? ఇంకొకడైతే బాగుండేదా? వాదించేవాళ్ళ ఉద్రేకం చూస్తే శాసనసభలో కూడా అంత పట్టుదల కనబడదు. వినగా వినగా నాకు ఒక మాట పట్టుకున్నది. ‘సరిపోవటం’. చెప్పు కాలికి సరిపోతుంది, మూత గిన్నెకు సరిపోతుంది. అక్కడ కొలత వుంది. ఎన్నడూ ఎవరూ చూడని దేవుడికి గాని, మరొక గ్రహం నుంచి వచ్చిన మనిషికి గాని ఒక ముఖం ‘సరిపోయింది’ అంటే ఏ కొలతతో కొలిచి చెబుతున్నాం?

ఈ ప్రశ్నకు జవాబు వెతకటానికి అమెరికా దాకా పోనక్కర లేదు. ముందు బాపట్ల చాలు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు మగవాడు. తెనాలి రామవిలాస సభ వారి నాటకాల్లో సత్యభామ ఆయనే, చింతామణి ఆయనే, రోషనార ఆయనే. ఆయన కొంగు సవరించుకునే తీరు చూడటానికి పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చిన జనం వుండేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. సత్యభామకు మగవాడి ఒళ్ళు ‘సరిపోతుందా’ అని ఎవరైనా కొలిచి వుంటే ఆయన మొదటి రంగమే దాటేవాడు కాడు. స్త్రీలను రంగస్థలం మీదికి రానివ్వని దురాచారం ఆ అవకాశానికి కారణమని నాకు తెలుసు; దాన్ని పొగడటం లేదు. ప్రేక్షకుడి కన్ను ఎంత దూరం రాగలదో మాత్రం అక్కడ రుజువైంది. అభ్యాసమూ అభినయమూ కలిస్తే జనం పుట్టుకను మరిచిపోగలరు.

పగటివేషాల వారి సంగతి ఇంకా చిత్రమైనది. పత్తి తీతలు, మిరప కోతలు అయిపోయి పల్లెల్లో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో వాళ్ళు వచ్చేవారు. పొద్దున వచ్చిన మనిషి అర్ధనారీశ్వరుడు. ముఖంలో సగం శివుడు, సగం పార్వతి. తెర చేతబట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేవాడు. వీధి అరుగుల మీది ఆడవాళ్ళు దణ్ణం పెట్టేవారు. ఆ తర్వాత అదే మనిషి సంచి పట్టుకుని ఇంటింటికీ వచ్చి బియ్యం అడిగేవాడు. గడప లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు. వేషంలో వున్నంతసేపూ అతని ఒళ్ళు దేవుడికి సరిపోయింది. అరగంట తర్వాత గడపకు సరిపోలేదు. తెలంగాణలో చిందు భాగవతులు మాదిగలను ఆశ్రయించి బతికే కళాకారులు. వారిలోనుంచి వచ్చిన చిందుల ఎల్లమ్మ పురుష పాత్రలు కూడా వేసి మెప్పించింది. ఈ దేశంలో దేవుళ్ళ వేషాలు వేసినవారిలో చాలామంది గుడిలోకి రానివ్వని కులాలవారే.

ఇక సినిమా. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, గుంటూరు జిల్లాలోనే సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, కొద్దిరోజులకే దాన్ని వదిలి మద్రాసు రైలెక్కిన నందమూరి తారక రామారావు శ్రీకృష్ణుడి వేషానికే పుట్టాడని నేడు అందరూ అంటారు. అది పుట్టుకతో వచ్చిన సంగతి కాదని చెప్పటానికి ఒక చిన్న చరిత్ర వుంది. 1954లో వచ్చిన ‘ఇద్దరు పెళ్ళాలు’ చిత్రంలో ఒక చోట ఆయన కృష్ణుడి వేషంలో కనిపించాడు. ప్రేక్షకులు మెచ్చలేదు, హాళ్ళలో గోల చేశారని ఆనాటివారు చెబుతారు. ‘మాయాబజార్’ తీసేటప్పుడు కె.వి. రెడ్డి మళ్ళీ ఆయననే కృష్ణుడన్నాడు. రామారావే జంకాడని అంటారు. 1957 మార్చి 27న చిత్రం విడుదలయింది. తరువాతి సంగతి చెప్పనక్కర లేదు. పదిహేనుకు పైగా చిత్రాల్లో ఆయన కృష్ణుడయ్యాడు. ఇళ్ళలో దేవుడి పటాల పక్కన ఆ ముఖం చేరింది.

మూడేళ్ళలో రామారావు ముఖం మారిందా? లేదు. కిరీటం మారింది, ఆహార్యం మారింది, వెలుగు మారింది, దర్శకుడి శ్రద్ధ మారింది. కళాదర్శకుల్లో ఒకడు మాధవపెద్ది గోఖలే. తెనాలి ప్రాంతపు మనిషి, కథకుడు, మనవాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఇంతమంది పనివాళ్ళు రాత్రింబవళ్ళు శ్రమించి ఒక ముఖాన్ని దేవుడికి ‘సరిపోయేట్టు’ తయారు చేశారు. తయారైన తర్వాత ఆ శ్రమ మాయమై, ముఖం మాత్రం మిగిలింది. సరుకు దుకాణానికి చేరిన తర్వాత దాన్ని చేసిన చేతులు కనబడవని అర్థశాస్త్రంలో చదువుకున్నాం. ముఖాల విషయంలోనూ అదే జరుగుతుంది. ‘చందమామ’ స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణులే ఈ చిత్రానికీ నిర్మాతలన్నది కూడా గమనించదగినది. 1947 జులై నుంచి కాగితం మీద రాజులకూ రాక్షసులకూ రూపం కల్పించినవారే, తెర మీద ఎవరి ముఖం ఎవరిదో కూడా నిర్ణయించారు.

‘మాయాబజార్’లో అసలైన అతీతవీరుడు ఎవరు? ఈ ప్రశ్న నేను క్లాసులో అడుగుతాను. అందరూ కృష్ణుడనే అంటారు. జాగ్రత్తగా చూడండి. కృష్ణుడు చిరునవ్వు నవ్వి ఉపాయం చెబుతాడు. ఎగిరేది ఘటోత్కచుడు. మంచం ఎత్తుకుపోయేది, రూపాలు మార్చేది, పెళ్ళివారిని ఏడిపించేది, వంటశాల ఖాళీ చేసేది ఘటోత్కచుడు. అడవి తల్లి హిడింబ కొడుకు. పని మొత్తం అతనిది, పూజ మాత్రం వేరొకరికి. యస్.వి. రంగారావు ఆ వేషానికి ఇచ్చిన గాంభీర్యమూ పసితనమూ ఇవాళ్టికీ మరొకరికి అందలేదు.

అంతకంటె పెద్ద పాఠం సావిత్రిది. గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల. శశిరేఖ వేషంలో వున్న ఘటోత్కచుణ్ణి ఆమె నటించాలి. అంటే సుకుమారమైన ఆడపిల్ల ఒంట్లో కొండంత రాక్షసుడు వున్నాడని మనం నమ్మాలి. ఆమె కండలు పెంచలేదు, కోరలు పెట్టుకోలేదు. రంగారావు నడకను తన కాళ్ళలోకి తెచ్చుకుంది, మెడ బిగించింది, కనుబొమ ఎత్తింది. అంతే. మనం నమ్మాం. బలం ఒంటి కొలతల్లో వుండదనీ, గమనంలోనూ భంగిమలోనూ వుంటుందనీ అంతకంటె స్పష్టంగా చూపిన దృశ్యం నాకు ఏ దేశపు సినిమాలోనూ కనబడలేదు. అతీతవీరుల వేషాలకు ముందు వ్యాయామశాలకు పరుగెత్తే నేటి నటులకు ఆ దృశ్యం పదిసార్లు వేసి చూపాలి.

అమెరికాలో ఈ వేషాల కథ పుట్టిందే పేదల ఇళ్ళలో. వలస వచ్చిన యూదు కుటుంబాల కుర్రాళ్ళు ఇద్దరు, జెర్రీ సీగెల్, జో షుస్టర్, సూపర్ మాన్‌ను సృష్టించారు. 1938లో తొలి కథ అచ్చయింది. దాని హక్కులను వాళ్ళు 130 డాలర్లకు అమ్ముకున్నారు. ఆ తర్వాత ఆ బొమ్మ మీద వచ్చిన కోట్లలో న్యాయమైన వాటా వాళ్ళకు దక్కలేదు. ముసలితనంలో ఊరంతా వినబడేట్టు మొరపెట్టుకుంటే, 1975లో కంపెనీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున భరణం ఇవ్వటానికి ఒప్పుకుంది. అన్యాయాన్ని చిటికెలో సరిచేసే వీరుణ్ణి కన్నవాళ్ళకు తమ అన్యాయం సరి కావటానికి ముప్ఫై ఏడేళ్ళు పట్టింది.

1978 చిత్రంలో ఆ వేషం క్రిస్టఫర్ రీవ్ అనే, అంతగా పేరు లేని రంగస్థల నటుడికి ఇచ్చారు. సన్నటి మనిషి. ఒళ్ళు పెంచాడు, నిజమే. కాని ఆయన గొప్పతనం ఒక చిన్న ఘట్టంలో వుంది. పిరికి విలేఖరిగా వంగి నిలబడినవాడు కళ్ళజోడు తీసి వెన్ను నిటారు చేస్తాడు, గొంతు మారుస్తాడు. ఏ తంత్రమూ లేకుండా ఒక మనిషి ఇంకొక మనిషి అయిపోతాడు. సావిత్రి చేసింది కూడా ఇదే. తర్వాత 1989 నాటి ‘బాట్‌మాన్’ కోసం మైకెల్ కీటన్ అనే హాస్యనటుణ్ణి ఎన్నుకున్నారని తెలియగానే అభిమానులు యాభై వేల దాకా నిరసన ఉత్తరాలు రాశారని చెబుతారు. చిత్రం వచ్చింది, ఉత్తరాలు మరుపున పడ్డాయి. 2011లో ‘థోర్’ చిత్రంలో ఒక ఉత్తరదేశపు దేవుడి వేషం నల్లజాతి నటుడు ఇద్రిస్ ఎల్బాకు ఇస్తే, శ్వేతజాతి దురహంకారుల సంఘం ఒకటి చిత్రాన్ని బహిష్కరించమన్నది. కీటన్ మీద కోపం ఒక రకం, ఎల్బా మీద కోపం ఒక రకం. మొదటిది అలవాటు తప్పినందుకు వచ్చిన చిరాకు. నటన చూస్తే పోతుంది. రెండోది ఆస్తి పోతున్నదన్న కోపం. దేవుడి ముఖం తమ జాతి ఆస్తి అనుకున్నవాళ్ళ కోపం. రెంటికీ ఒకటే మాట వాడతారు, ‘సరిపోలేదు’ అని. విమర్శకుడు చేయవలసిన మొదటి పని ఈ రెంటినీ విడదీయటం.

మన దగ్గరకు వద్దాం. 1980లో తెలుగులో రెండు చిత్రాలు వచ్చాయి. ఒకటి వి. మధుసూదనరావు తీసిన ‘సూపర్ మాన్’. 57 ఏళ్ళ రామారావు హనుమంతుడి వరంతో అతీతశక్తులు పొందుతాడు. అమెరికా వీరుడికి శక్తి పరాయి గ్రహం నుంచి వస్తే మన వీరుడికి గుడి నుంచి వచ్చింది. రెండోది గౌతం ఘోష్ ‘మాభూమి’. అందులో నాయకుడు రామయ్య వేషం త్రిపురనేని గోపీచంద్ కుమారుడు సాయిచంద్ వేశాడు. చుట్టూ పల్లె ముఖాలు. ఒకే ఏడాది ఒక తెర మీద ఒక్కడే అందర్నీ కాపాడాడు, ఇంకొక తెర మీద అందరూ కలిసి తమను కాపాడుకోవటానికి లేచారు. మన మిత్రులు వెంటనే రెండో చిత్రం పక్షాన నిలబడి మొదటిదాన్ని తోసివేస్తారు. నేను అంత త్వరపడను. మొదటి చిత్రం చూసి ఈలవేసిన పిల్లవాడు కూడా అన్యాయం ఓడిపోవటం చూడాలనే వచ్చాడు. వాడి కోరిక తప్పు కాదు. ఆ కోరికకు ఎవరి ముఖం తొడుగుతున్నారన్నదే ప్రశ్న.

1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు. కృష్ణుడి ముఖం చూసి జనం ఓట్లు వేశారని చెప్పటం తేలిక, చదువుకున్నవాళ్ళు చెప్పేదీ అదే. అది జనాన్ని తక్కువ చేయటం. కిలో రెండు రూపాయల బియ్యం మాటా, ఢిల్లీవారు ముఖ్యమంత్రులను మార్చిన తీరూ జనానికి తెలియనివి కావు. అసలు అంతకు చాలా ముందే, 1967లో, తెనాలి ప్రాంతపు నటుడు జగ్గయ్య ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. ఆయనకు కిరీటాలు లేవు, కంఠమే వుంది. కాకపోతే వేషం పంచేవాడికి ఒక అధికారం వుందనీ, అది తెర దగ్గరే ఆగదనీ 1983 చూపింది.

ఇప్పుడు మా విద్యార్థుల నాటిక సంగతి చెప్పాలి. మూడేళ్ళ క్రితం వార్షికోత్సవానికి వాళ్ళే ఒక నాటిక అల్లారు. మిర్చి యార్డులో కాటా మోసం జరుగుతుంటుంది. ఎగిరే వీరుడొకడు వచ్చి లారీని ఆపి, టిక్కీలు ఒంటి చేత్తో ఎత్తి కాటా గుట్టు బయటపెడతాడు. పాత్రల పంపిణీ విద్యార్థుల కమిటీ చేతుల్లో వుండింది. వీరుడి వేషం తెల్లగా, బక్కపలచగా వున్న ఒక కుర్రవాడికి ఇచ్చారు. మోతుబరి ఇంటి బిడ్డ. ఆ తరగతిలోనే మరొక కుర్రవాడు వున్నాడు. సెలవు దినాల్లో గుంటూరు యార్డులో తండ్రితోపాటు హమాలీ పనికి పోతాడు. నలభై కిలోలకు పైబడిన టిక్కీని భుజం మీద వేసుకుని మెట్లెక్కటం వాడికి రోజూ చేసే పని. వాడికి వర్తకుడి గూండా వేషం ఇచ్చారు. ఎందుకు ఇలా అని అడిగాను. “వీరుడంటే ముఖంలో కొంచెం కళ వుండాలి గదా సార్” అన్నారు. ‘కళ’ అంటే ఏమిటో చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేదు, నవ్వారు. నా అభ్యంతరం మీద చేతులెత్తించారు. నా మాట వీగిపోయింది. రెండో కుర్రవాడు మాత్రం, “నన్ను ఎగరమనకండి సార్. హమాలీ వేషం వుంటే చెప్పండి, దానికి రిహార్సల్ అక్కర్లేదు” అన్నాడు.

రిహార్సల్లో ఇబ్బంది వచ్చింది. గడ్డి కుక్కిన గోతాన్ని వీరుడు దిండు ఎత్తినట్టు ఎత్తుతున్నాడు. చూసేవాళ్ళకు నవ్వు వస్తున్నది. అప్పుడు ఆ రెండోవాడు లేచి వచ్చి, “బరువు చేతుల్లో వుండదురా, నడుంలో వుంటుంది. ముందు మోకాళ్ళు వంచు. ఎత్తేముందు ఊపిరి బిగబట్టు. ఎత్తినాక మెడ తిప్పకు” అని చేసి చూపించాడు. గడ్డి గోతం వాడి భుజం మీద నిజంగానే బరువెక్కింది. గదిలో ఒక్క నిమిషం మాట లేదు. రెండు రోజులు నేర్పాడు. వార్షికోత్సవం నాడు వీరుడు గోతం ఎత్తిన తీరుకు చప్పట్లు మోగాయి. ఆ నడుమూ, ఆ మోకాళ్ళూ, ఆ ఊపిరీ ఎవరివో సభలో పదిమందికి మించి తెలియదు. సావిత్రి రంగారావు నడకను తెచ్చుకున్నప్పుడు రంగారావు పేరు కూడా తెర మీద వుంది.

దీని మీద తర్వాత వాదం జరిగింది. విద్యార్థుల వాదన ఒకటే: “ప్రేక్షకులు ఒప్పుకోరు సార్.” నిర్మాతలు చెప్పేదీ ఇదే మాట. ప్రేక్షకుణ్ణి అడిగిందెవరు? 1954లో ఒప్పుకోని ప్రేక్షకుడే 1957లో ఒప్పుకున్నాడు, మధ్యలో డబ్బూ శ్రద్ధా పెట్టారు గనుక. ఆ డబ్బూ శ్రద్ధా ఎవరి ముఖం మీద పెడతారన్నది ప్రేక్షకుడు నిర్ణయించేది కాదు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో గోండుల వీరుడు కొమురం భీమ్ వేషాన్ని రామారావు మనుమడు వేశాడు. బాగా వేశాడు, కొరడా దెబ్బల ఘట్టంలో కంట నీరు రాని వాడు తక్కువ. స్థానం వారిని మెచ్చుకున్న నోటితో, గోండు వేషం గోండే వేయాలని నేను పట్టుబట్టలేను. నటన అంటేనే మనం కానిదాన్ని కావటం. కాని ఈ రాకపోకలు ఒక్క దిక్కుకే సాగుతున్నాయేం? తారల ఇంటి బిడ్డ గోండు కావచ్చు. గోండు బిడ్డ రాముడో కృష్ణుడో అయ్యే రోజు ఏది? దారి రెండు వైపులా తెరిచి వుంటే దాన్ని కళ అందాం. ఒకవైపే తెరిచి వుంటే అది టోల్‌గేటు.

2024 జనవరిలో ‘హనుమాన్’ వచ్చింది. ప్రశాంత్ వర్మ దర్శకుడు. వీరుడి వేషం తేజ సజ్జాది; బాలనటుడిగా ‘ఇంద్ర’లో కనిపించిన కుర్రవాడు. కొండంత మనిషి కాడు. అంజనాద్రి అనే పల్లెలో చిల్లర దొంగతనాలు చేసుకునే పాత్ర. ఆ ఊళ్ళో రక్షణ పేరు చెప్పి వసూళ్ళు చేసే పెత్తందారు ఒకడుంటాడు. ప్రతినాయకుడేమో చిన్నప్పటి నుంచి అతీతవీరుడు కావాలని పిచ్చిపట్టినవాడు, యంత్రాలతో శక్తి కొనుక్కుందామనుకునేవాడు. ఈ ఎదురుబొదురు నాకు నచ్చింది. శక్తి మళ్ళీ దేవుడి మణి నుంచే రావటం నచ్చలేదు. 1980 నుంచి 2024 దాకా అక్కడ ఒక్క అడుగూ ముందుకు పడలేదు. అయినా పెద్ద కుటుంబం పేరు లేని, మామూలు ఒళ్ళున్న కుర్రవాణ్ణి జనం అక్కున చేర్చుకున్నారు. ప్రేక్షకులు ఒప్పుకోరనే మాటకు ఆ మేరకు గండి పడింది. మన నాటక దళాల వారు కూడా దీన్ని గమనించాలి. మన వీధి నాటికల్లో సైతం రైతు నాయకుడు కాస్త ‘కళగా’ వుండటం, జీతగాడు నల్లగా వుండటం నేను చాలాచోట్ల చూశాను.

1985 జులైలో కారంచేడులో, తాగే చెరువు దగ్గర గేదెలను కడుగుతుంటే వద్దన్న మాదిగపల్లె వారి మీదికి కర్ర లేచింది. అప్పుడు మున్నంగి సువార్త అనే స్త్రీ తన చేతిలోని బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవారు చీరాలకు తరలిపోయి అక్కడ శిబిరం వేసుకుని పోరాడారు. ఎగరలేదు, వరాలు లేవు, మణులు లేవు. ఒక బిందె లేచింది, అంతే. ఆ ఘట్టాన్ని తెరకెక్కించదలచిన నిర్మాత ఎవరైనా వస్తే, ఆ బిందె ఎత్తే చేతికి నటిని వెతికేటప్పుడు, మా కమిటీ కుర్రవాళ్ళు చెప్పలేక నవ్వి ఊరుకున్న ఆ ‘కళ’కు ఆయన ఏ అర్థం చెబుతాడో వినాలని వుంది.